బస్సులో ఏడేళ్ళ గొంతు

డిపోలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. అందరికీ కరెంటాయనే. బస్సులో లైటు వెలగకపోయినా, హారను మూగబోయినా, ఆఖరికి మేనేజరుగారి నెత్తిమీద ఫ్యాను కిర్రుమన్నా "కరెంటాయన్ని పిలవండ్రా" అనేవారు. ఆయనకూ అదే గొప్ప. పాడైపోయింది ఏది కంటబడినా చేతులు ఊరుకునేవి కావు. జేబులోంచి స్క్రూడ్రైవరు దానంతటదే బయటికి వచ్చేసేది. మనుషుల్ని అలా విప్పి బిగించడం కుదరదన్న సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెబితే మాత్రం వినే రకమా!

ఆ ఊళ్ళో ప్రతి బస్సులోనూ డ్రైవరు పక్కన ఒక పెట్టె ఉంటుంది. స్టాపు దగ్గరపడగానే డ్రైవరు మీట నొక్కుతాడు. పెట్టె ఆ స్టాపు పేరు చెప్పి "అడుగు చూసి దిగండి" అంటుంది. ఆ పెట్టెలు కొత్తగా వచ్చినప్పుడు వాటిలో మాట్లాడవలసిన ఆఫీసు గుమాస్తా ఆవిడకు జలుబు చేసి గొంతు పట్టేసింది. రేపటిదాకా ఆగుదాం అన్నారు అందరూ. కరెంటాయనకు ఆగే ఓపిక ఎక్కడిది? బడికి సెలవని వెంట తెచ్చుకున్న కొడుకుని స్టూలెక్కించి, మైకు ముందు నిలబెట్టి, "ఊరికే పరీక్షకురా చిన్నోడా, ఈ పేర్లు చదివెయ్" అన్నాడు. ఏడేళ్ళ వాడు ముందుపళ్ళు ఊడిన నోటితో గడగడా చదివేశాడు. "సబ్బుల ఫ్యాక్టరీ" అనడం నోరు తిరక్క "చబ్బుల ప్యాత్తలీ" అన్నాడు. మేనేజరు విని పడీ పడీ నవ్వాడు. "ఇదే ఉంచెయ్యండయ్యా! దీన్ని మార్చినవాడి చెయ్యి విరగ్గొడతా" అన్నాడు.

అంతే. ఆ రోజునుంచి ఊరంతా ఆ గొంతుతోనే బస్సులు దిగింది. ఆఫీసుకు ఆలస్యమై చిరాగ్గా ఉన్నవాళ్ళు కూడా ప్యాత్తలీ దగ్గర ముసిముసిగా నవ్వుకునేవారు. కొత్తవాళ్ళు "ఎవరీ బుడ్డోడు?" అని అడిగితే కండక్టర్లు "మా కరెంటాయన కొడుకండీ" అని, తామే కన్నంత గర్వంగా చెప్పేవారు. ఆ మాట చెవిన పడినప్పుడల్లా కరెంటాయనకు ఛాతీ రెండంగుళాలు పెరిగేది. చిన్నోడూ ఆ రోజుల్లో సీటుమీద నిలబడి "అది నేనే, అది నేనే" అని అరిచిన వాడే.

ఇప్పుడు చిన్నోడికి పద్నాలుగు. ఆ వయసు ఎలాంటిదో మనకు తెలియనిదా? ముక్కు ముందుగా పెరిగిపోయి, మొహం దాన్ని అందుకోలేక వెనకబడి ఉంటుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. వాడికి వీటన్నిటికీ తోడు గొంతు పగిలింది. మాట మొదలెడితే కింద ఎక్కడో బొంగురుగా మొదలవుతుంది, సగంలో ఉన్నట్టుండి కీచుమని పైకి ఎగురుతుంది. ఎప్పుడు ఎగురుతుందో వాడికే తెలియదు. అందరు మగపిల్లలకూ వచ్చే అవస్థే అది. కానీ అందరు మగపిల్లల చిన్నప్పటి గొంతూ ఊళ్ళో బస్సుల్లో రోజంతా మోగుతూ ఉండదు కదా!

వాడు బడికి వెళ్ళేదీ బస్సులోనే. పెట్టె పలికినప్పుడల్లా తోటిపిల్లలు వెనక్కి తిరిగి వాడివంక చూసేవారు. "ఒరేయ్, ఇప్పుడు అను, ఇప్పుడు అను" అని గోల. వాడు అనడు. అనకపోతే వాళ్ళే పలుచటి గొంతులు పెట్టి "చబ్బుల ప్యాత్తలీ" అని కోరస్ పాడేవారు. ఒకరోజు తరగతిలో పాఠం చదవమని టీచరమ్మ లేపింది. రెండో వాక్యంలోనే గొంతు కీచుమంది. వెనక బెంచీనుంచి ఎవడో "అడుగు చూసి దిగండి" అన్నాడు. తరగతంతా గొల్లుమంది. టీచరమ్మ ఆపుకోవాలని చూసింది, ఆమె వల్లా కాలేదు. పాపం ఆమెనేం అంటాం, చిన్నోడు మాత్రం ఆమె నవ్వునే గుర్తుపెట్టుకున్నాడు. ఆ తరవాత బడిలో హాజరుకు కూడా చెయ్యెత్తి ఊరుకునేవాడు.

ఇదంతా కరెంటాయనకు తెలియదు. ఒక సాయంత్రం ఆయన ఇంట్లో మిక్సీ విప్పుకుని కూర్చుంటే చిన్నోడు వచ్చి పక్కన నిలబడ్డాడు. నిలబడి, నిలబడి, ఒక స్క్రూ చేతిలోకి తీసుకుని తిప్పుతూ అన్నాడు.

"నాన్నా, బస్సుల్లోంచి నా గొంతు తీసెయ్యవా?"

కరెంటాయన తలెత్తి చూసి నవ్వేశాడు. "పిచ్చి సన్నాసీ! ఊళ్ళో ఎవడికుందిరా ఆ అదృష్టం? నువ్వు ముసలాడివయ్యాక నీ మనవలకు వినిపిద్దువుగాని."

"తీసెయ్యి నాన్నా." ఆ రెండో మాట దగ్గర గొంతు కీచుమంది. చిన్నోడు చటుక్కున నోరు మూసుకున్నాడు. స్క్రూ బల్లమీద పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

గుమ్మంలో నిలబడి అంతా విన్న పెద్దమ్మాయి తండ్రిమీద గయ్యిమంది. చిన్నోడికి అక్క, కాలేజీలో చదువుతోంది, నాలుక కాస్త పదునే. "నవ్వుతావేంటి నాన్నా? బస్సులో వాణ్ణి ఎలా ఏడిపిస్తున్నారో ఎప్పుడైనా చూశావా? నేను చూశాను. వాడు కిటికీలోంచి తల బయటపెట్టి కూర్చుంటాడు, ఎవరి మొహం చూడకుండా."

తల్లి వంటింట్లోంచి వచ్చి భర్త ఎదురుగా కూర్చుంది. "వాడు మననేం అడిగాడండీ ఇన్నాళ్ళూ? ఇదొక్కటే అడిగాడు. చేసి పెట్టకూడదూ?"

మిక్సీ ఆ రాత్రి అలాగే విప్పి ఉండిపోయింది.

మర్నాడు మేనేజరు గదిలోకి వెళ్ళి, నీళ్ళు నములుతూ, "మావాడు సిగ్గుపడుతున్నాడు సార్, ఆ గొంతు తీసేద్దాం" అన్నాడు. మేనేజరు చెడ్డవాడేం కాదు. కాకపోతే తను నవ్విన ప్రతిదానికీ లోకమంతా నవ్వుతుందనుకునే మనిషి. "ఏమయ్యా కరెంటూ, బుర్ర గానీ పాడైందా? పైనుంచి పెద్దాఫీసరు వస్తే మొదట ఆ గొంతే వినిపిస్తాం మనం. తియ్యడమేంటి? మీవాడికి నాలుగు రోజులుపోతే అదే సర్దుకుంటుందిలే" అన్నాడు.

నాలుగు రోజులుపోతే సర్దుకోవడానికి అదేమన్నా జలుబా? కానీ కరెంటాయన ఆ మాట పైకి అనలేకపోయాడు. పైవాడి ముందు నోరు పెగలని మనిషి చాటుగా చేతులకు పని చెబుతాడు. ఆ రోజే షెడ్డులో చిన్నోడి దారిన తిరిగే బస్సుల కింద దూరి, పెట్టెలకు వెళ్ళే తీగ పీకేశాడు. డ్రైవర్లు అడిగితే "సామాను రావాలి, వచ్చాక చేస్తా" అన్నాడు.

ఆ కొద్దిరోజులూ ఇల్లు ఇల్లులా ఉంది. చిన్నోడు కంచం ముందు కూర్చుని రెండోసారి వడ్డించుకున్నాడు. అక్కతో దిండుకోసం పోట్లాడాడు. పోట్లాటలో వాడి గొంతు కీచుమంటే అక్క నవ్వింది, వాడూ నవ్వాడు. తల్లి భర్తవంక చూసిన చూపుకి కరెంటాయన మళ్ళీ ఛాతీ పెంచాడు. చూశారా, తీగ పీకితే అయిపోయింది!

అయిపోలేదు. ఒక మధ్యాహ్నం డిపో గేటు దగ్గర కుర్చీలల్లే పెద్దాయన కర్ర తాటించుకుంటూ కనిపించాడు. ఆయనకు చూపు లేదు. రోజూ ఆ బస్సులోనే ఇళ్ళకు వెళ్ళి పేము కుర్చీలు అల్లి వస్తాడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర కట్టు కట్టి ఉంది. పెట్టె పలకక స్టాపు తెలియలేదు. పక్కనున్నవాళ్ళెవరో ఇదే అంటే దిగాడు. అది ఆయన స్టాపు కాదు. రోడ్డు పక్కన తవ్విన గోతిలో పడ్డాడు. ఆ చెయ్యే ఆయన జీవనం.

కరెంటాయన తిట్లు తినడానికి సిద్ధపడే దగ్గరకు వెళ్ళాడు. పెద్దాయన తిట్టలేదు. మొహం పైకెత్తి, "బాబూ, బస్సులో మాట్లాడే ఆ పిల్లాడికి ఒంట్లో బాగాలేదా? కొన్నాళ్ళుగా పలకడం లేదు. కులాసాగానే ఉన్నాడా?" అని అడిగాడు.

తిట్టినా బాగుండేది. కరెంటాయన "కులాసాగానే ఉన్నాడు తాతా" అని, ఆయన్ని చెయ్యి పట్టుకుని బస్సెక్కించి, సాయంత్రంలోగా తీగలన్నీ మళ్ళీ కలిపేశాడు. మరేం చేస్తాడు? ఇంట్లో కొడుకు మొహం, ఇక్కడ ఈ చెయ్యి. ఎటూ కాళ్ళు సాగని పరిస్థితి.

కలిపి బస్సు కిందనుంచి బయటికి వచ్చేసరికి ఎదురుగా మేనేజరు బూట్లు. "నువ్వే పీకావని తెలుసులేవయ్యా" అన్నాడు మేనేజరు. కరెంటాయన ఇక దాచలేదు. బడిలో నవ్వులూ, కొడుకు అడిగిన మాటా అన్నీ చెప్పేశాడు. చెబుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మేనేజరు కాస్త మెత్తబడ్డాడు. కాసేపు గడ్డం గోక్కుని, పెద్ద ఉపాయం తట్టినవాడిలా చిటికేశాడు.

"అయితే కొత్తగా చేయిద్దాం. మీవాడి చేతే! ఇప్పుడు పెద్దాడయ్యాడుగా, గొంతు గంభీరంగా ఉంటుంది. నవ్విన వెధవలందరూ నోళ్ళు మూస్తారు."

ఇక్కడ, సరిగ్గా ఇక్కడ, కరెంటాయన "వద్దు సార్, ఇంకెవరి చేతనైనా చేయించండి" అనాలి. ఆ ఆఫీసు గుమాస్తా ఆవిడ జలుబు ఏనాడో తగ్గింది. నిక్షేపంలా ఉంది. కానీ మనిషి లోపల ఒక మూల "కరెంటాయన కొడుకండీ" అన్న మాట తీపి ఇంకా మిగిలే ఉంది. అది వదులుకోబుద్ధి కాలేదు. "అలాగే సార్" అనేశాడు. ఏం మనిషండీ!

ఇంటికొచ్చి చెబితే చిన్నోడు తల అడ్డంగా ఊపాడు.

"వేరేవాళ్ళు చెప్పొచ్చుగా నాన్నా."

"ఎవరిదో గొంతెందుకురా? పాతది పోతుంది, కొత్తది వస్తుంది. నువ్వడిగింది అదేగా?"

"నేనడిగింది అది కాదు."

"సామాన్ల గదిలో చేద్దాం. చుట్టూ దుప్పట్లు కట్టేస్తా. నువ్వూ నేనూ తప్ప పురుగు కూడా ఉండదు. బాగా రాకపోతే చెరిపేసి మళ్ళీ చెబుదువు. వెయ్యిసార్లు చెప్పు, నేను కూర్చుంటా."

చిన్నోడు గోడవంక చూస్తూ అడిగాడు. "ఎవరూ వినరుగా?"

"నేనున్నానుగా!" అన్నాడు కరెంటాయన.

ఆ మాటతో వాడు నమ్మాడు. తండ్రి మాట కదా. ఆ వారమంతా స్నానాల గదిలో కుళాయి విప్పుకుని సాధన చేశాడు. నీళ్ళ చప్పుడు కింద బొంగురుగా స్టాపుల పేర్లు వినిపించేవి. తల్లీ అక్కా చెవులు రిక్కించి కూడా వినిపించనట్టే తిరిగేవారు. ఒకసారి బయటికి వచ్చి, తుడుచుకుంటూ, ఎవరితోనూ అన్నట్టు కాకుండా "మెల్లగా చెబితే బాగానే వస్తోంది" అన్నాడు. తల్లి గిన్నె తోముతున్నదల్లా అటు తిరిగి కళ్ళు ఒత్తుకుంది.

ఆదివారం తండ్రీ కొడుకులు డిపోకు వెళ్ళారు. కరెంటాయన దుప్పట్లు కట్టాడు, తలుపు గడియ పెట్టాడు, యంత్రం సర్దాడు. ఆ చేతులకు ఒక అలవాటుంది. గదిలో బాగున్న శబ్దం బయట బాగుండదని, ఏ మైకు బిగించినా దాని తీగ ఒకటి ఆవరణలో స్తంభం మీదున్న పెద్ద స్పీకరుకు తగిలించి చూసుకుంటాడు. ఇన్నేళ్ళుగా అలాగే చేశాడు. ఆ రోజూ చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఆయన మాత్రం కొడుకువంక చూస్తూ, కుర్చీ ఎత్తు సరిపోయిందా అని అడుగుతున్నాడు. తీగ తగిలింది. దుప్పట్ల వెనక, మూసిన తలుపు వెనక, బయట ఏం మోగుతోందో ఇద్దరికీ వినపడలేదు.

మొదటి పేర్లు బాగానే వచ్చాయి. నిజంగా బాగున్నాయి, మెత్తగా, లోతుగా. కరెంటాయన బొటనవేలు ఎత్తి చూపించాడు. సబ్బుల ఫ్యాక్టరీ దగ్గర కీచుమంది. మళ్ళీ చెప్పాడు. మళ్ళీ కీచుమంది. చెమటలు పట్టాయి. ఇంకోసారి చెబితే ఈసారి గొంతు ఏకంగా కోడిపుంజులా కూసింది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకుని పకాలున నవ్వేశారు. ఎన్నాళ్ళైందో తండ్రీ కొడుకులు అలా నవ్వుకుని! చిన్నోడికి బిగువు వదిలింది. కావాలనే కీచుగా ఒకసారి, బొంగురుగా ఒకసారి అని చూపించాడు. మేనేజరు నడకా మాటా అనుకరించాడు. కరెంటాయన పొట్ట పట్టుకున్నాడు. ఆ తరవాత నవ్వు ఆగింది. మైకు ముందు కూర్చున్న చిన్నోడు కిందికి చూస్తూ అడిగాడు.

"నాన్నా, నా గొంతు ఎప్పటికీ ఇలాగే ఉండిపోతుందా?"

"ఛ, అదేంట్రా?"

"నేను చదవడానికి లేస్తే ముందునుంచే నవ్వడానికి రెడీగా ఉంటారు నాన్నా. ముందు బెంచీలో ఒకమ్మాయి ఉంది. తను ఒక్కతే నవ్వదు. తల దించుకుంటుంది. అదే ఇంకా సిగ్గుగా ఉంటుంది నాకు. జాలిపడుతోందని." మైకు తీగ వేలికి చుట్టుకుంటూ అన్నాడు, "అద్దంలో చూసుకుంటే కూడా ఎవడో వేరేవాడిలా ఉన్నాను. వాడు నాకు నచ్చట్లేదు."

కరెంటాయన లేచి వాడి తలమీద చెయ్యి వేశాడు. వాడు ఇంత మాట తనతో చెప్పాడన్న సంతోషంతో గుండె నిండిపోయింది. "ఇవాళ్టికి చాలు, పద, మిగతావి వచ్చే ఆదివారం" అన్నాడు. గడియ తీశాడు.

బయట ఎండ. ఆవరణలో డ్రైవర్లు, కండక్టర్లు, బస్సులు కడిగేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయి ఉన్నారు. గేటు దగ్గర ఆగి ఉన్న బస్సునిండా చిన్నోడి బడి పిల్లలు, ఏదో ఆటల పోటీకి వెళ్ళి వస్తున్నారు. కిటికీలన్నిటిలోంచీ మొహాలు. ఒక్కరూ నవ్వడం లేదు. ఎందుకిలా చూస్తున్నారో తండ్రీ కొడుకులకు అర్థం కాలేదు. అప్పుడు ఒక మీసాల డ్రైవరు, మంచి మనిషి, తనకూ ఇద్దరు కొడుకులున్నవాడు, ముందుకొచ్చి చిన్నోడి భుజం తట్టాడు.

"దిగులుపడకు బాబూ. గొంతు ఎప్పటికీ అలాగే ఉండిపోదు. మా పెద్దాడికీ ఇలాగే అయింది."

చిన్నోడు ఆయనవంక చూశాడు. తరవాత స్తంభం మీది స్పీకరువంక చూశాడు. తరవాత తండ్రివంక చూశాడు. కరెంటాయనకు తల కొట్టేసినట్టయింది. బస్సులో ఎవడో ఒక్కడు, మరీ గట్టిగా కాదు, చిన్నోడు లోపల మేనేజరు గొంతు ఎలా పెట్టాడో అలాగే పెట్టి చూపించాడు. దాంతో అందరూ గొల్లుమన్నారు. చిన్నోడు చేతులు జేబుల్లో పెట్టుకుని, పరిగెత్తకుండా, మామూలుగా నడుస్తున్నట్టు గేటు దాటి వెళ్ళాడు. ఆ మామూలు నడక చూడలేక కరెంటాయన అక్కడే కూలబడ్డాడు.

ఆ తరవాత వాడు గుసగుసగా తప్ప మాట్లాడలేదు. ఇంట్లో కూడా. తల్లి పిలిస్తే వచ్చి ఎదురుగా నిలబడతాడు. ఏమైనా కావలిస్తే చెవి దగ్గర చెబుతాడు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన గొంతులోకి దీపం వేసి చూసి, లోపల లోపమేమీ లేదన్నాడు. "మాట్లాడగలడు. మాట్లాడటం లేదు. అంతే. బలవంతపెట్టకండి" అన్నాడు. దానికి మందేమిటని కరెంటాయన అడిగితే, ఓపిక అన్నాడు. ఆ సరుకు ఆయన దగ్గర ఏనాడు ఉంది గనక?

అయినా చెయ్యగలిగిందల్లా చేశాడు. స్పీకరు దించి తుక్కులో పారేశాడు. మేనేజరు కాళ్ళావేళ్ళా పడ్డాడు. మేనేజరు తనూ నొచ్చుకున్నాడు, గుమాస్తా ఆవిడ చేత చేయిద్దామని పైకి రాశాడు కూడా. పైనుంచి కబురు రావాలి, వస్తుంది, వచ్చేదాకా పాతదే మోగాలి, చూపులేని పెద్దాయన్ని మళ్ళీ గోతిలో తొయ్యలేరు కదా. ఒక రాత్రి కరెంటాయన కొడుకు మంచం అంచున కూర్చుని "తప్పయిపోయిందిరా, నా చెంపలు వాయించు" అన్నాడు. చిన్నోడు లేచి కూర్చున్నాడు. "పర్లేదు నాన్నా" అని గుసగుసగా అని, మళ్ళీ గోడవైపు తిరిగి పడుకున్నాడు. కోప్పడితే పట్టుకోవడానికి ఒక కొస దొరికేది. పర్లేదన్నవాణ్ణి ఏం చేస్తాం?

ఇంతలో ఇంకొకటి మొదలైంది. వాడు బడినుంచి ఇంటికి రావడం ఆలస్యమవుతోంది. రోజూ చెమటతో, దుమ్ము కాళ్ళతో వస్తాడు. ఎక్కడికి వెళ్ళావంటే "ఎక్కడికీ లేదు" అని గుసగుస. తల్లికి భయం పట్టుకుంది. "ఏ చెడు సావాసాల్లో పడ్డాడో, ఒకసారి చూడండి" అని భర్తను పోరింది.

కరెంటాయన ఒక సాయంత్రం బడి దగ్గరి స్టాపుకు ముందు స్టాపులోనే బస్సెక్కి, వెనక మూల కూర్చుని, దినపత్రిక మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. డ్రైవరూ కండక్టరూ కొత్తవాళ్ళు, పక్క డిపోనుంచి వచ్చినవాళ్ళు, వీళ్ళెవరో తెలియదు. బడి పిల్లలు బిలబిలా ఎక్కారు. చిన్నోడు ఆఖర్న ఎక్కి ఒక కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఎవరూ వాణ్ణి ఏమీ అనలేదు. ఏడిపించడం కూడా మానేశారు. వాడి చుట్టూ కాస్త ఖాళీ వదిలి తమలో తాము మాట్లాడుకుంటున్నారు. పెట్టె స్టాపుల పేర్లు చెబుతోంది, పిల్లలు ఒక్కొక్కరే "ఆపండీ" అని కేకేసి దిగిపోతున్నారు. ఆ బస్సుల్లో పద్ధతి అదే. దిగేవాళ్ళు కేకెయ్యాలి. కేక వినపడకపోతే, కింద ఎక్కేవాళ్ళూ లేకపోతే, డ్రైవరు ఆపడు.

నీళ్ళ ట్యాంకు స్టాపు దగ్గరపడింది. అదే వాళ్ళ స్టాపు. చిన్నోడు ముందుగానే ద్వారం దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. సంచి సర్దుకున్నాడు. డ్రైవరు మీట నొక్కాడు. "నీళ్ళ తాంకు! అడుగు చూసి దిగండి!" అంది పెట్టె, లోకంలో దేనికీ వెరవని ఏడేళ్ళ గొంతుతో. చిన్నోడు నోరు తెరిచాడు. కంఠం కదలడం కరెంటాయనకు వెనకనుంచే కనిపించింది. మళ్ళీ మూసుకున్నాడు. బస్సు కొంచెం నెమ్మదించింది. స్టాపులో ఎవరూ లేరు. చిన్నోడు మళ్ళీ నోరు తెరిచాడు.

కరెంటాయన సగం లేచాడు. ఒక్క కేక చాలు. "ఆపండీ" అంటే చాలు, బస్సు ఆగుతుంది, కొడుకు దిగుతాడు. కానీ కేకేస్తే తలలన్నీ ఇటు తిరుగుతాయి, ఎవరికోసమో అని అటు తిరుగుతాయి, ద్వారం దగ్గర నోరు తెరుచుకు నిలబడ్డవాణ్ణి చూస్తాయి. తండ్రి వెంటబడి వచ్చాడని వాడికి తెలుస్తుంది. ఒకసారి వాడి గొంతు అందరికీ వినిపించినవాడు, ఇప్పుడు వాడికి గొంతు లేదని అందరికీ చూపించాలా? కేక నాలుకదాకా వచ్చి ఆగిపోయింది. వంగిన నడుముతో అలాగే ఉండిపోయాడు.

బస్సు స్టాపు దాటేసింది. చిన్నోడు నోరు మూసుకుని, ఇది రోజూ ఉన్నదే అన్నట్టు, ద్వారం దగ్గరే సంచి దించి కాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. ఇల్లు వెనక్కి వెళ్ళిపోయింది. తరవాత స్టాపుల్లో ఎవరూ దిగేవాళ్ళు లేక బస్సు వాటినీ దాటేసి, ఊరి చివర ఆగేచోటే ఆగింది. చిన్నోడు దిగి, సంచి భుజానికి తగిలించుకుని, వచ్చిన దారినే నడక మొదలుపెట్టాడు. మలుపు తిరిగేదాకా కరెంటాయన పత్రిక దించలేదు.

డ్రైవరు లోపలి లైట్లు ఆర్పుతూ వెనక్కి చూశాడు. "ఏవండీ, ఇదే ఆఖరు. మీరెక్కడ దిగాలి?"

"నీళ్ళ ట్యాంకు."

"ఎప్పుడో దాటిపోయాం కదయ్యా! ఇంత వయసొచ్చింది, నోరు విప్పి ఆపమని అడగలేరూ?"

కరెంటాయన పత్రిక మడిచి చంకలో పెట్టుకుని దిగాడు.